తక్కువొచ్చిన ఒక్క సెక్షన్

మా అమ్మాయికి ఇక్కడ అమెరికాలో మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష స్కోరు వచ్చిన రోజు, నేను టోటల్ చూసి వంటింట్లోనే ప్రార్థన చేసేశాను. అది మాత్రం సోఫాలో కూర్చుని ఫోన్ వైపే చూస్తోంది. "టోటల్ ఓకే మమ్మీ. రీడింగ్ సెక్షన్ పోయింది," అంది. పోతే పోనీ అనుకున్నాను. నేను గుంటూరులో ఎంసెట్ రాసిన మనిషిని. ఫిజిక్స్‌లో పోయింది కెమిస్ట్రీలో లాక్కొచ్చాను. చివరికి అందరూ అడిగింది ఒక్క ర్యాంకే.

ఆ ఆదివారం మా తెలుగు చర్చిలో ఒక డాక్టర్ బ్రదర్ నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లారు. ఆయన ఒకప్పుడు ఒక మెడికల్ స్కూల్ అడ్మిషన్స్ కమిటీలో కూర్చున్నవారు.

"టోటల్ ఒక్కటే కాదు సిస్టర్. నాలుగు సెక్షన్లూ విడివిడిగా చూస్తారు. కొన్ని స్కూల్స్‌కి ప్రతి సెక్షన్‌లోనూ కటాఫ్ ఉంటుంది. ఒక్కదాంట్లో తగ్గినా అప్లికేషన్ పక్కన పెట్టేయొచ్చు."

"మిగతా మూడింట్లో అంత బాగా వచ్చినా?"

"వచ్చినా సరే. మళ్ళీ రాయొచ్చు, కానీ పాత స్కోరు కూడా వాళ్ళకి కనిపిస్తుంది. రెండోసారి టోటల్ తగ్గిందంటే ఇంకా కష్టం."

రాస్తే ఏడాది పోతుంది. రాయకపోతే అసలు అవకాశమే పోవచ్చు. చిన్నప్పటి నుంచి మా అమ్మాయికి డాక్టర్ తప్ప ఇంకో మాట లేదు.

అయినా నాకు భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. బయోకెమిస్ట్రీ మంచినీళ్ళలా తాగేసే పిల్ల, నిద్రలో కలవరించేది కూడా ఇంగ్లీషులోనే, ఇంగ్లీషు చదవడంలో ఎలా పోయింది? మోరిస్‌విల్‌లో నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పు దొరికితే, అది మళ్ళీ మళ్ళీ అక్కడే ఎందుకు వస్తోందో తేలేదాకా నాకు ముద్ద దిగదు. దాని ప్రాక్టీస్ టెస్టులన్నీ తెరిపించి పక్కన కూర్చున్నాను.

ఆ సెక్షన్‌లో సైన్స్ ఉండదు. ఒక వ్యాసం ఇచ్చి, రాసినవాడి ఉద్దేశం ఏమిటని అడుగుతారు. ఒకదాంట్లో ఎవరో కొత్త లైబ్రరీ భవనం గురించి రాశాడు. అద్దాలూ మెట్లూ వెలుతురూ అన్నీ పొగిడి, కూర్చుని చదువుకునే చోటు మాత్రం తనకు కనబడలేదన్నాడు. మా అమ్మాయి 'చిన్న సందేహాలున్నా గౌరవం ఉంది' అన్న జవాబు పెట్టింది.

"గౌరవమేంటే? ఆ బిల్డింగ్ కట్టినవాణ్ణి ఉతికి ఆరేశాడు కదా."

"బట్ మమ్మీ, బ్యాడ్ అని ఎక్కడా చెప్పలేదు."

"మరి ఇంకెలా చెప్తారు?"

"నైస్‌గా మాట్లాడుతున్నాడు అనుకున్నా."

తప్పులన్నీ వరసగా చూశాం. చాలావరకు ఇదే జాతి. రాసినవాడు ఎత్తిపొడిస్తే ఇది మెచ్చుకున్నాడనుకుంటుంది. మండిపడితే కొంచెం బాధపడ్డాడనుకుంటుంది. ఉన్న జవాబుల్లో అన్నిటికన్నా మర్యాదైనది ఏరుకుంటుంది. నాకు నవ్వాగలేదు. ఎవరింటికి వెళ్ళినా, ఉప్పు కషాయంలాంటి చేపల పులుసును కూడా "చాలా బాగుంది ఆంటీ" అని తినే పిల్ల. అలా పెంచానని చర్చి అంతా నన్ను మెచ్చుకుంటుంది కూడా.

అప్పట్నుంచి సాయంత్రాలు ఒక సంపాదకీయమో సినిమా రివ్యూనో కలిసి చదివేవాళ్ళం. చదివాక నాది ఒకటే ప్రశ్న: "వీడు ఎవర్ని తిడుతున్నాడు?" జవాబు తెలుగులోనే చెప్పాలని షరతు పెట్టాను, ఎందుకంటే మర్యాదగా దాటేయడానికి సరిపడా తెలుగు దానికి రాదు. "వీడికి మేయర్ అంటే మంట," అని అది మొదటిసారి అన్న రోజు ఇద్దరం పడీపడీ నవ్వాం.

ప్రాక్టీస్ స్కోర్లు పెరిగాయి గానీ, ఒక వారం పెరిగితే ఇంకో వారం తగ్గేవి. అప్లికేషన్లు మొదలయ్యే వేళకి నాకే ధైర్యం జారిపోయింది. ఒక శనివారం టిఫిన్ దగ్గర అనేశాను.

"ఇంక వద్దులే. టోటల్ బాగుంది కదా, ఇప్పుడే అప్లై చేసేయ్. మళ్ళీ రాసి ఉన్నది కూడా పోగొట్టుకుంటావా?"

"సరే మమ్మీ" అంటుందనుకున్నాను. బుద్ధెరిగిన దగ్గర్నుంచి నాతో అది ఇంకో మాట అన్నది లేదు. అట్టు ప్లేటు పక్కకు జరిపింది.

"నో మమ్మీ. నువ్వు చెప్పేది తప్పు. నీకు భయం వేస్తుంది, అందుకే టోటల్ టోటల్ అంటున్నావు. నేను మళ్ళీ రాస్తా. వన్ ఇయర్ పోయినా ఓకే."

నాకు చర్రున కోపం వచ్చింది. నిజానికి నాకు భయంగానే ఉంది, ఆ సంగతి ఇంట్లో ఎవరితోనూ అనలేదు. కోపం ఇంకా దిగకముందే, "అయితే డేట్ బుక్ చేయి," అన్నాను.