మెకానిక్ వస్తేనే స్టార్టయ్యే ట్రాక్టర్

మా అక్కకు మంచాల ఊరికి పోయే దారిలో ఒక జామతోట ఉంది. బావ లారీ ఎక్కితే వారానికి గానీ ఇంటికి రాడు కాబట్టి సేద్యమంతా అక్కదే. నేను ఇబ్రహీంపట్నంలో కాలేజీ బస్సు నడుపుతాను. పొద్దున పిల్లలను దింపాక సాయంత్రం దాకా ఖాళీయే, ఆ వేళకు తోటకు పోయి అక్కకు సాయం చేసేవాణ్ణి.

జామ సాళ్ల మధ్య పెద్ద ట్రాక్టర్ పట్టదు. అందుకే అక్క ఎవరో వాడిన చిన్న ట్రాక్టర్ కొన్నది. నడపడం కూడా తనంతట తానే నేర్చుకుంది. మొదటి ఏడాది అది ఏ పేచీ పెట్టలేదు. ఆ తర్వాతి ఎండాకాలం చివర, వానలు పడేలోపు సాళ్ల మధ్య దున్ని టమాట పెడదామనుకున్నప్పుడు దానికి తిక్క మొదలైంది.

పొద్దున తాళం తిప్పగానే చక్కగా స్టార్టయ్యేది. కొన్ని సాళ్లు దున్నేది. తర్వాత పొలమారినట్టు దగ్గి, దగ్గి, ఆగిపోయేది. ఇక ఎంతసేపు తాళం తిప్పినా ఇంజను ఊరికే తిరిగేది గానీ అందుకునేది కాదు. విసిగిపోయి ఇంటికెళ్లి తినివస్తే ఒక్కోసారి స్టార్టయ్యేది, ఒక్కోసారి కాదు.

ఇబ్రహీంపట్నం నుంచి మెకానిక్‌ను పిలిపించాం. మంచివాడు, పని తెలిసినవాడు. వచ్చీరాగానే ట్యాంకు మూత తీసి లోపలికి తొంగిచూసి, మూత పెట్టి, తాళం తిప్పాడు. ట్రాక్టర్ భగ్గున అందుకుంది.

“అక్కా, బండి మంచిగనే ఉన్నది గదా,” అని నవ్వాడు.

రెండోసారి వచ్చినప్పుడూ అంతే. అయినా ఎందుకైనా మంచిదని డీజిల్ ఫిల్టర్ మార్చాడు, పైపుల్లో గాలి తీశాడు, బ్యాటరీ వైర్లు గీకి బిగించాడు. అతను మా కళ్ల ముందున్నంతసేపు ఇంజను పాట పాడినట్టు నడిచింది. అతని బండి రోడ్డెక్కి కాసేపయ్యేసరికి మళ్లీ ఆగిపోయింది.

“గాయన్ను సూస్తె దీనికి భయం తమ్మీ. మనమంటె లెక్కలేదు,” అంది అక్క.

మరోరోజు మధ్యాహ్నం సాలు నడిమధ్యలో ఆగింది. మబ్బు కమ్ముకొస్తోంది. మెకానిక్‌కు ఫోన్ చేద్దామని నేను జేబులో చెయ్యి పెట్టాను.

“ఆగు జర,” అంది అక్క. “గాయన వచ్చి ఏం జేస్తడో మనం గదే జేద్దాం. ఒక్కటి గూడ ఇడువొద్దు.”

“ఏం జేస్తడు? ముందుగాల మూత తీసి సూస్తడు.”

“అవ్. గదే సూద్దాం.”

ఆమె మూత మీద చెయ్యి వేసి తిప్పింది. రాలేదు. ఎవరో లోపల్నుంచి పట్టుకున్నట్టు బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో బలంగా తిప్పింది. అప్పుడు వినబడింది ఆ చప్పుడు. స్స్‌స్స్... నీళ్లలో మునిగిన మనిషి పైకి తేలి ఊపిరి పీల్చుకున్నట్టు, ఆ ట్యాంకు గాలిని లోపలికి లాక్కుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

అక్క మూత పెట్టి, సీటెక్కి తాళం తిప్పింది. అందుకుంది. కొంతసేపు దున్ని మళ్లీ ఆగింది. ఈసారి నేనే మూత తిప్పాను. మళ్లీ అదే ఊపిరి. మళ్లీ అందుకుంది.

“దీనికి దమ్ము ఆడుతలేదు తమ్మీ!” అని సీటు మీంచే అరిచింది అక్క.

డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. రాకపోతే ఇంజను ఎంత గుంజినా డీజిల్ కదలదు. మెకానిక్ వచ్చిన ప్రతిసారీ మూత తీస్తున్నాడు, తెలియకుండానే దానికి ఊపిరి పోస్తున్నాడు.

మూతను జామచెట్టు నీడకు తెచ్చి తిరగేసి, బోర్లేసి చూశాం. పైన చిన్న రేకు గొడుగులాంటిది ఉంది, దాని కిందే గాలి వచ్చే రంధ్రం. అక్క తన కొంగుకున్న పిన్నీసు తీసి గొడుగు కింద గుచ్చింది. ఎర్రమట్టి రాలింది. మా తోట కాలువ మట్టే. ఎండి రాయిలా అయింది. మెల్లగా కదిపితే ఒక పెంకు ఊడి వచ్చింది. అందులో బియ్యపు గింజంత తెల్లని పురుగు, దాని పక్కన ముడుచుకుని రెండు బుల్లి సాలీళ్లు. చచ్చినవేమో అనుకున్నాను. పిన్నీసు తగలగానే వాటి కాళ్లు సన్నగా వణికాయి.

“కందిరీగ గూడు,” అంది అక్క, గొంతు తగ్గించి. “పిల్లకు తిండి పెట్టి తలుపు మూసి పోయింది.”

ఆ తల్లి కందిరీగ కాలువ నుంచి మట్టి ఉండలు మోసి, సాలీళ్లను చంపకుండా కదలకుండా చేసి, ఈ ఇనుము మీదే గది కట్టింది. మేం దున్నుతున్నంతసేపూ ఇంజను ఉరుముతూనే ఉంది, ఆ లోపల ఒక పిల్ల తన తిండి తాను తింటూ పెరుగుతూనే ఉంది. ఇంత ఇంజనుకు ఊపిరి ఆపింది అంత చిన్న ప్రాణం. బస్సు టైం దగ్గరపడిందన్న సంగతే నాకు గుర్తురాలేదు.

అక్క ఆ పెంకును అరచేతిలో పెట్టుకుని పోయి, బోరు గది గోడ పగులులో జాగ్రత్తగా దూర్చింది. బతికిందో లేదో తెలియదు. రంధ్రం శుభ్రం చేసి, దాని మీద సన్నని జాలీ ముక్క కట్టాం. ఆ తర్వాత ట్రాక్టర్ ఒక్కసారి కూడా ఆగలేదు. వాన పడేలోపు దున్నడం అయిపోయింది.

కానీ దున్నడం ఇంకా సాగుతుండగానే, జాలీ కట్టిన మరుసటి రోజు నేను పోయేసరికి అక్క సాలు మధ్యలో ఇంజను ఆపి కూర్చుని ఉంది. మళ్లీ చెడిపోయిందేమోనని పరుగెత్తాను. ఆమె నోటి మీద వేలు పెట్టి మూత వైపు చూపింది. నల్లని కందిరీగ ఒకటి, సన్నని నడుముతో, కాళ్ల మధ్య తడి మట్టి ఉండ పట్టుకుని జాలీ చుట్టూ తిరుగుతోంది. వాలుతోంది, వెతుకుతోంది, లేస్తోంది. అది తనంతట తాను జామకొమ్మల మీదుగా వెళ్లిపోయేదాకా అక్క తాళం ముట్టలేదు.

“ఇగ నడు,” అంటూ అక్క తాళం తిప్పింది.