కాలువలో తూటికూర

“ఆ మూట బయట పారెయ్ వదినా! కాలవలో దిగి కూర కోత్తుంటే ఈదంతా సూసేరు. ఇయ్యపురాల్ని పస్తులెట్టేమనుకోరా?”

“తినే ఆకు కోసుకొస్తే సిగ్గేంది? మీ గేదెలు తినొచ్చు, నేను తినగూడదా?”

మూట పారెయ్యమన్నావిడ మా చిన్నమ్మాయి అత్తగారు. అనకాపల్లి పక్కనున్న వాళ్ళ ఊరికి నేను అనంతపురం నుంచి చుట్టపుచూపుగా వెళ్ళాను. మా దిక్కున చెరువు నిండిన ఏడాదే తూటికూర కనబడుతుంది. ఇక్కడేమో చెరకు తోటల పక్క కాలువలో, వేళ్ళు బురదలో, తీగలు నీళ్ళమీద పరుచుకుని ఎవరికీ పట్టకుండా పడివుంది. లేత కొసలు ఒడినిండా కోశాను. ఇంటికొచ్చిన చుట్టం కూర ఏరుకుంటే ఆ ఇంటి పరువు పోతుందట! డబ్బు పోసి కొన్న వాడిపోయిన వంకాయలకేమో పరువుంటుందట. ఆ మాటలు వినలేక నేనే పప్పులో వేసి వండాను. ఆవిడ ముట్టలేదు. కొడుకు మారు వడ్డించుకుంటే మాత్రం కళ్ళెర్రజేసింది.

మర్నాడు పొద్దున్నే వీధిలోని ఆడవాళ్ళు ఆనపకాయలు, బెండకాయలు, గిన్నెడు చేపల పులుసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

“పాపం, ఎంత దూరం నుంచి వచ్చేరో! కడుపునిండా తినండమ్మా.”

మా వియ్యపురాలు తలుపు చాటుకు పోయింది. నేను అన్నీ తీసుకున్నాను.