తాళి పగడం మీద ఒక చుక్క ఆసిడ్

పంతొమ్మిది వందల ముప్పై దాటిన కొత్త. కోవిల్పట్టి అగ్గిపెట్టెల ఫాక్టరీలో మందు కలిపే పని మానేసి, విరుదునగరం బజారులో ఒక నగల అంగడిలో రాళ్లు పరీక్షించే పనికి కుదిరాను. అక్కడ అందరూ రంగు చూసి రాయి పేరు చెప్పేవారు. నాకది ఒళ్లుమంట. కెంపు, నీలం రెండూ ఆక్సైడే, అంటే లోహం ప్రాణవాయువుతో కలిసిన సరుకు. ముత్యం, పగడం కార్బొనేట్, అంటే సున్నపురాయి జాతి అని వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పేవాణ్ణి.

తమిళుల ఆడి నెల పద్దెనిమిదిన, మా ఆడవాళ్లు తాళితాడు మార్చుకునే రోజున, సాత్తూరు పక్క పల్లె నుంచి ఒక అత్తా కోడలూ వచ్చారు. పాత తాడులోంచి తీసిన పగడం కోడలి అరచేతిలో ఉంది.

“పెండ్లికి మాయమ్మ పెట్టింది అన్నా. ఇప్పుడామె లేదు. ఇది నకిలీదని మా అత్త చెప్తుండాది” అంది కోడలు.

“గాజుపూసకు రంగేసి అంటగట్టినారు నాయనా. ఆ ఇంటివాళ్లే అట్లాంటోళ్లు” అంది అత్త.

భూతద్దం నా జేబులోనే ఉంది. పగడం మీది సన్నగీతలు చూస్తే తేలిపోయేది. కానీ నలుగురూ చూస్తున్నారు, ఆ అత్త నోరు మూయించాలని నాకు పంతం. “గాజు సిలికేట్, ఇసుక జాతిది, పొంగదు. పగడమైతే పొంగుతుంది, చూడండమ్మా” అని పూస నడిమధ్యన ఒక చుక్క ఆసిడ్ వేశాను.

బుసబుసా పొంగింది. కోడలి మొహం విచ్చుకుంది. “చూసినావా అత్తా, మాయమ్మ మోసం చెయ్యలా.”

కడిగి ఇచ్చాను. చుక్క పడినచోట నునుపు పోయి, తెల్లగా గుంట పడింది. అత్త దాన్ని వేలితో తడిమింది. “నిజందే. నేనన్నది తప్పే” అంది మెల్లగా. దాన్ని కోడలి చేతిలో పెట్టి, “పొక్కిన పూస తాళిలో గుచ్చకూడదు గదమ్మా” అంది. కుళ్లుతో అన్నమాట కాదది. మావాళ్ల ఆచారమే అది, నాకూ తెలుసు. చుక్క వేసేముందు మాత్రం గుర్తు రాలేదు.

సానపడదామంటే పూస చిన్నది, గుంట పోయేదాకా అరగదీస్తే బెజ్జం బయటపడుతుంది. సిగ్గుతో చచ్చిపోయాను. “అంగడిలో మేలైన పగడం ఏరుకో అమ్మణ్ణీ, నేనిస్తాను” అన్నాను.

“మాయమ్మ పెట్టింది ఇదొకటే అన్నా” అని కొంగున ముడేసుకుని పోయింది. నన్ను తిట్టినా బాగుండేది.

తరువాత ఎన్నో పగడాలు చూశాను. ముందు భూతద్దం పెట్టేవాణ్ణి. తప్పనిసరైతే బెజ్జం లోపలి అంచున సూదిమొనంత ఆసిడ్ తాకించేవాణ్ణి. అన్నిటికంటే ముందు, ఇది ఎవరిదమ్మా అని అడిగేవాణ్ణి. ఆ రోజు ఆ పిల్ల అడగకుండానే చెప్పింది. నేనే వినలేదు.