బ్రోనెక్ మావయ్య కిటికీ

బ్రోనెక్ గ్రోకోల్‌స్కీకి ఉన్నది ఒకటే జబ్బు. అమెరికన్ ఫుట్‌బాల్ మీద అభిప్రాయాలు. ఆ మాటకొస్తే అభిప్రాయాలు ఎవరికి లేవు? బఫెలో నగరం చుట్టుపక్కల పుట్టిన చంటిపిల్లాడు కూడా పాలపీక పక్కన పెట్టి, మన జట్టు కోచ్‌ని రెండు తిట్టి, మళ్ళీ నోట్లో పెట్టుకుంటాడు. కాని బ్రోనెక్ అభిప్రాయాల దారే వేరు. మొదటిది, వాటిలో ఒక్కటి కూడా సరైనది కాదు. రెండోది, వాటిని కిటికీ బార్లా తెరిచి, వీధి దద్దరిల్లేలా అరిచి చెప్పాలి. డిసెంబరైనా సరే. ఊరి పక్క సరస్సు మీంచి వచ్చే గాలికి ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టినా సరే.

అలాగని ఆయన్ని తేలిగ్గా తీసిపారెయ్యకండి. ఘనకార్యాలు చాలా ఉన్నాయి. ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి ముందు వయసంతా నిలబడ్డవాడు. మహా మంచు తుఫానులో కూరుకుపోయిన రొట్టెల బండిని ఒంటిచేత్తో కాకపోయినా, పక్కన నిలబడి ఒంటినోటితో బయటికి లాగించినవాడు. చర్చి వాళ్ళు పెట్టే శుక్రవారం చేపల విందులో పందెం కాసి తిని, గెలిచి, ఇంటికొచ్చి భోజనం చేసినవాడు. ఇవన్నీ ఊళ్ళో అందరికీ తెలుసు. ఎలా తెలుసంటే, ఆయనే చెప్పాడు. ఎవరూ అడగలేదు.

ఇంతటి మహానుభావుణ్ణి భరించే భాగ్యం అల్లుడు డెన్నిస్‌కి దక్కింది. డెన్నిస్ ఇళ్ళల్లో హీటర్లు బాగుచేసే పని చేసేవాడు. భార్య తెరేసా ఆసుపత్రిలో నర్సు. ఆదివారాలు ఆమెకి డ్యూటీ. "నువ్వెళ్ళి అమ్మావాళ్ళతో కలిసి ఆట చూడు. పాపం, ఇద్దరే ఉంటారు" అని మొగుణ్ణి పుట్టింటికి తోలేసేది. అల్లుడు వెళ్ళేవాడు. అక్కడ తన చేత్తో బిగించిన హీటరు ఒక మూల భగభగమంటుంటే, ఆ వేడంతా తెరిచిన కిటికీలోంచి దర్జాగా బయటికి నడిచిపోవడం కళ్ళారా చూసేవాడు. వంటవాడి ఎదురుగా వండిన గిన్నె పెంటమీద బోర్లించినట్టు ఉండేది అతనికి. పెళ్ళయిన మొదటి చలికాలం జలుబు వచ్చింది. అది మళ్ళీ పోలేదు.

"మావయ్యగారూ, ఆ కిటికీ కొంచెం..."

"కొంచెం ఏమిటోయ్, పూర్తిగానే తెరిచాను."

"మూస్తారేమోనని."

"కొలిమి ముందు నిలబడ్డ ఒళ్ళు ఇది అల్లుడూ! దీనికి చలేమిటి?"

"మీరు నిలబడ్డారు. నేను నిలబడలేదు కదండీ!"

"అదే నీలో లోపం" అనేవాడు బ్రోనెక్.

అత్తగారు ఇరేనా మాత్రం నోరు మెదిపేది కాదు. బొచ్చు టోపీ చెవుల మీదికి లాక్కుని, ఒళ్ళో రెండు దుప్పట్లు వేసుకుని, ఉన్ని గ్లౌజులతోనే అందరికీ పియెరోగీలు, అంటే బంగాళాదుంప కూరి ఉడికించిన పోలిష్ కజ్జికాయలు, వడ్డించేది. పొయ్యి మీంచి దించినప్పుడు పొగలు కక్కిన పియెరోగీ డెన్నిస్ నోటిదాకా వచ్చేసరికి, లోపలి బంగాళాదుంప సీసం గుండులా తయారయ్యేది.

ఇక ఆ అభిప్రాయాలు. ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. మూడింటిలో కుదరకపోతే, నాలుగోసారి బంతిని దూరంగా తన్నేసి అవతలి జట్టుకి అప్పజెబుతారు. అది ఓటమిని ఒప్పుకుంటూ పెట్టే దణ్ణం లాంటిది. బ్రోనెక్ ఏమనేవాడంటే...

"తన్నెయ్యండ్రా! మొదటి ప్రయత్నంలోనే తన్నెయ్యండి!"

"మావయ్యగారూ, ఇంకా నాలుగు ప్రయత్నాలూ ఉన్నాయి. ఇప్పుడే బంతిని వాళ్ళకెందుకివ్వడం?"

"బంతి మన దగ్గరుంటేనే కదా పోగొట్టుకుంటాం? చేతిలో చిల్లిగవ్వ లేనివాడికి దొంగల భయం ఏమిటోయ్?"

డెన్నిస్ నోరు తెరిచేవాడు. చలిగాలి లోపలికి పోతుందని వెంటనే మూసేవాడు.

బంతి విసిరే నాయకుడు క్వార్టర్‌బ్యాక్ లావుగా ఉండాలి. "సన్నటివాడు పరిగెడతాడు. లావాటివాడు పరిగెత్తలేడు కాబట్టి నిలబడి ఆలోచిస్తాడు!" కోచ్‌ని పక్కబట్టల్లాగా వారం వారం మార్చాలి. హెల్మెట్లు తీసేసి ఉన్ని టోపీలివ్వాలి, అప్పుడు జాగ్రత్తగా ఆడతారు. ప్రతి అభిప్రాయానికీ ఆయన లేచి, కిటికీలోంచి సగం ఒళ్ళు బయటపెట్టి, చేతులు నోటికి దోనెలా చుట్టి అరిచేవాడు. అరిచాక చెవి అటు పడేసి ఆగేవాడు, చప్పట్ల కోసం ఆగిన హరిదాసులాగా. టీవీ హోరులో డెన్నిస్‌కి ఏమీ వినపడేది కాదు. కాసేపటికి బ్రోనెక్ మొహం వికసించేది. వచ్చి కూర్చుని చేతులు రుద్దుకునేవాడు.

'చప్పట్లు కూడా ఊహించుకుంటున్నాడు' అనుకునేవాడు అల్లుడు, ముక్కు చీదుకుంటూ.

కిటికీ అవతల వీధి కూడా లేదు. ఒక కారు పట్టేంత సందు, దాని వెనక లుడ్విక్ ఇల్లు. లుడ్విక్ చర్చి బడి కుర్రాళ్ళకి ఏళ్ళ తరబడి ఫుట్‌బాల్ నేర్పినవాడు. బ్రోనెక్‌కి చిన్ననాటి స్నేహితుడు. డెన్నిస్ పెళ్ళికి ముందే ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎవరొచ్చినా తలుపు తియ్యడనీ, కూతురితో కూడా సైగలేననీ వీధి అంతా నిట్టూర్చేది. ఆయన కిటికీ కూడా ఆదివారాలు బెత్తెడు తెరిచి ఉండడం డెన్నిస్ ఒకసారి గమనించాడు. 'ఈ వీధి నీళ్ళలోనే ఏదో ఉంది' అని సరిపెట్టుకున్నాడు.

సీజన్ చివరి ఆదివారం వచ్చింది. ఆ ఆట గెలిస్తే మన జట్టు పై దశకి వెళుతుంది. ఓడితే మూటాముల్లె సర్దుకోవాలి. బయట మంచు కిటికీ గట్టు మీద దిండులా పేరుకుంది. డెన్నిస్ ముక్కు ఎర్రటి ముల్లంగిలా ఉంది. అయినా ఆ రోజు అతను ఒక నిశ్చయంతో వచ్చాడు. తనైనా ఉండాలి, తెరిచిన కిటికీ అయినా ఉండాలి.

"మావయ్యగారూ, పందెం."

"పందేలు నాతో పెట్టుకోకు. చేపల విందు సంగతి తెలుసుగా?"

"తెలుసు, పెళ్ళయినప్పట్నుంచీ వింటున్నాను. మీ అభిప్రాయాల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఆట సగమయ్యేలోపు నిజమైతే ఈ జన్మలో కిటికీ ఊసెత్తను. నిజం కాకపోతే ఆట అయ్యేదాకా కిటికీ మూసెయ్యాలి."

బ్రోనెక్ కిటికీ వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. "కుదరదు" అన్నాడు.

"ఏం? మీ మాట మీద మీకే నమ్మకం లేదా?"

ఆ మాట డెన్నిస్ కావాలనే గట్టిగా అన్నాడు. సందు అవతలికి కూడా వినపడే ఉంటుంది. ఉక్కు ఫ్యాక్టరీ మనిషికి అంతకంటే ఏం కావాలి? చెయ్యి చాచాడు. కొలిమి దగ్గర చెయ్యి కలిపాక మాట తప్పడమనేది ఆయన వంశంలో లేదు. ఇరేనా ఏదో అనబోయి, టోపీ ఇంకాస్త కిందికి లాక్కుంది.

ఆట మొదలైంది. డెన్నిస్ మనసులో ఒక్కటే భయం. ఎంత తెలివితక్కువవాడైనా పందెం ఉందంటే, 'మనవాళ్ళు పరిగెడతారు' లాంటి మాట ఒకటి అనేసి గెలవొచ్చు. ఆగిపోయిన గడియారం కూడా రోజుకి రెండుసార్లు నిజం చెబుతుంది కదా! కాని బ్రోనెక్ లేచాడు, సగం ఒళ్ళు బయటపెట్టాడు.

"మన కోచ్ ఇప్పుడు మొదటి ప్రయత్నంలోనే బంతి తన్నిస్తాడు, చూస్తూ ఉండు!"

తన్నించలేదు.

"ఇప్పుడు ఆ సన్నటోణ్ణి తీసేసి, బెంచీ మీద కూర్చున్న ఆ కొండంత మనిషిని క్వార్టర్‌బ్యాక్‌గా దించుతాడు!"

దించలేదు.

"రిఫరీకి చలేసి ఆట ఆపేస్తాడు!"

రిఫరీ ఈల మరింత గట్టిగా ఊదాడు. ఒక్కో కేక తరవాతా బ్రోనెక్ చెవి అటు పడేసి, వికసించిన మొహంతో వచ్చి కూర్చున్నాడు. పందెం ఓడిపోతున్నవాడికి ఇంత ఆనందమేమిటో డెన్నిస్‌కి అంతుపట్టలేదు.

ఆట సగమైంది. డెన్నిస్ లేచి, రాజ్యం గెలిచిన సేనాపతిలా నడిచి వెళ్ళి, కిటికీ దించి గడియ పెట్టాడు. హీటరు వేడి గదంతా పరుచుకుంది. పియెరోగీ మెత్తగా, వెచ్చగా గొంతులోకి జారింది. జీవితంలో మొదటిసారి మావగారింట్లో కోటు విప్పాడు.

కాని గది ఎందుకో బాగాలేదు. బ్రోనెక్ కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు. ఒక్క అభిప్రాయం లేదు. అవతలి జట్టు వరసగా నిలబడుతుంటే తనలో తను గొణిగినట్టు అన్నాడు: "కుడివైపు పరిగెడుతున్నట్టు నటించి ఎడమవైపు విసురుతారు. మనవాళ్ళు మోసపోతారు."

వాళ్ళు కుడివైపు పరిగెత్తినట్టు నటించారు. ఎడమవైపు విసిరారు. మనవాళ్ళు మోసపోయారు.

డెన్నిస్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. "మావయ్యగారూ... అది మీకెలా తెలుసు?"

"కళ్ళున్నవాడెవడికైనా తెలుస్తుంది" అన్నాడు బ్రోనెక్ విసుగ్గా. "మనవాళ్ళు ఇప్పుడు బంతి విసరకూడదు. గాలి ఎదురుగా ఉంది. చేతికిచ్చి పరిగెత్తించాలి."

మనవాళ్ళు విసిరారు. గాలి బంతిని తీసుకెళ్ళి అవతలివాళ్ళ ఒళ్ళో కూర్చోబెట్టింది.

"ఇన్ని తెలిసినవారు పందెంలో ఆ పిచ్చిమాటలెందుకండీ! ఇందులో ఒక్కటి అని ఉంటే గెలిచేవారు కదా?"

బ్రోనెక్ మూసిన కిటికీ వైపు చూశాడు. ఇంతలో 'ధడ్' మని కిటికీ అద్దానికి ఏదో తగిలింది. మంచుముద్ద. వెనకే ఇంకొకటి.

"ఎవడ్రా అది! అద్దం పగులుతుంది!" డెన్నిస్ లేచాడు. బ్రోనెక్ కూడా లేచాడు కానీ రెండు చేతులూ జేబుల్లో కుక్కుకున్నాడు.

"నేను తెరవను. చెయ్యి కలిపాను" అన్నాడు. "నువ్వు తెరువు అల్లుడూ. నీకేం అడ్డం లేదు."

డెన్నిస్ గడియ తీసి కిటికీ పైకెత్తాడు. సందు అవతల కిటికీలో, దుప్పటి కప్పుకుని, కందగడ్డలా ఎర్రబడిన మొహంతో లుడ్విక్. పనిచేసే చేత్తో కిటికీ గట్టు మీది మంచు పోగుచేసి ఇంకో ముద్ద చుడుతున్నాడు. డెన్నిస్‌ని చూడగానే నోరు ఒక పక్కకి లాగి, ఒక్కో మాటా రాయి ఎత్తినట్టు ఎత్తాడు.

"ఏ...డీ? ఆ... గాడిద... ఏడీ?"

డెన్నిస్ అత్తగారి వైపు తిరిగాడు. మాట పడిపోయిన మనిషి!

"మీ మావయ్య అభిప్రాయాలకి వేళయింది" అంది ఇరేనా వెనకనుంచి, గ్లౌజులు తొడుక్కుంటూ. "నాలుకకి పని చెప్పమని డాక్టర్లు లుడ్విక్‌కి ఎంత చెప్పినా వినలేదు. ముద్దమాట ఎవరూ వినకూడదని తలుపు కూడా తియ్యలేదు. ఓ ఆదివారం వంటింట్లో పొగొస్తోందని నేను కిటికీ తెరిచాను. మీ మావయ్య ఆట చూస్తూ నోరుజారి ఏదో తెలివితక్కువ మాట అన్నాడు. అవతలనుంచి వినపడింది, 'గాడిద' అని. ఎన్నో నెలల తరవాత అతను పలికిన మొదటి మాట అది. ఆ రోజునుంచీ ఈయన వారమంతా కూర్చుని చెత్త ఆలోచించడం, ఆదివారం కిటికీలోంచి పారబోయడం."

"మరి నాకెందుకు చెప్పలేదు అత్తయ్యగారూ?"

"చెబితే ఆ కిటికీ వైపు జాలిగా చూస్తావని. జాలి కనిపిస్తే అతను మళ్ళీ నోరు మూసుకుంటాడు."

"ఇవాళైనా ఒక్క నిజం చెప్పి పందెం గెలవాల్సింది మావయ్యగారూ!"

"నిజం చెబితే వాడు తలూపుతాడోయ్" అన్నాడు బ్రోనెక్, అంత చిన్న విషయం తెలీదా అన్నట్టు. "తలూపితే మెడకి వ్యాయామం. నాలుకకేం లాభం?"

డెన్నిస్ మావగారి వైపు చూశాడు. తను బిగించిన హీటరు వైపు చూశాడు. ఆ వేడంతా ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయిందో అప్పుడు అర్థమైంది. ఒకసారి గట్టిగా ముక్కు చీదుకున్నాడు. కోటు తొడుక్కున్నాడు. కిటికీలోంచి సగం ఒళ్ళు బయటపెట్టి, చేతులు నోటికి దోనెలా చుట్టాడు.

"లుడ్విక్ గారూ! అసలు మైదానానికి రెండు చివర్లా గోల్ స్తంభాలెందుకండీ? దండగ! మధ్యలో ఒక్క జత పాతితే రెండు జట్లకీ సరిపోదూ?"

లుడ్విక్ చేతిలో మంచుముద్ద జారి కిందపడింది. ఆయన పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"బ్రో...నెక్! నీ... అల్లుడు... నీకంటే... పెద్ద... గాడిదరా!"

బ్రోనెక్ కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. "విన్నావా ఇరేనా! ఎంత పొడుగు మాటో! నేనింతవరకూ వాడిచేత ఇంత పొడుగ్గా తిట్టించుకోలేకపోయాను!" అని అల్లుణ్ణి కౌగిలించుకుని, సీసం గుండులా గడ్డకట్టిన పియెరోగీ ఒకటి తీసి స్వయంగా నోట్లో పెట్టాడు.

మన జట్టు ఆ రోజు ఓడిపోయింది. ఆ ఇంట్లో ఎవరూ గమనించలేదు. బ్రోనెక్ ఘనకార్యాల్లో ఆ రోజునుంచి ఇంకొకటి చేరింది. రొట్టెల బండికీ చేపల విందుకీ కూడా ముందు చెబుతాడు: "మా అల్లుడున్నాడే, అలాంటి గాడిద ఈ ఊళ్ళో ఇంకొకడు లేడు. కావాలంటే లుడ్విక్‌ని అడగండి. వాడే చెబుతాడు."