గోడ దాటిన ఇంగువ వాసన

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తూ వచ్చాను. బరువు పెద్దదేం కాదు, చిటికెడు ఇంగువంత. కానీ మోసేవాడికి తెలుస్తుంది కదా. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెప్పడం సులువు.

అప్పట్లో ఫరీదాబాద్‌లో కార్ల బంపర్లకు రంగులు వేసే ఫ్యాక్టరీలో కాలుష్య నిబంధనలు చూసే ఉద్యోగం నాది. రంగులో కలిపే థిన్నర్ ఆవిరి బయటి గాలిలో కలవకుండా, పొగగొట్టానికి ముందు బొగ్గు గుళికలు నింపిన పెద్ద పెట్టె ఒకటి ఉండేది. ఆవిరిని ఆ బొగ్గు పట్టుకుంటుంది. పట్టి పట్టి అది నిండిపోతే మార్చాలి. మార్చాలంటే రెండు రోజులు పని ఆపాలి. దీపావళి ముందు, బండ్లు జోరుగా అమ్ముడుపోయే రోజుల్లో, ఆ మాట మేనేజరుతో అనే ధైర్యం నాకు లేకపోయింది. అడిగి కాదనిపించుకున్నా బాగుండేది. అసలు అడగనే లేదు.

గోడ అవతల కమలా దీదీ ఇస్త్రీ బండి. ఆవిడ మడతపెట్టిన బట్టలన్నీ థిన్నర్ కంపు కొట్టసాగాయి. జనం బట్టల్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి తిరగ్గొట్టేవాళ్ళు. ఆవిడ దగ్గు గోడ ఇవతలికి వినిపించేది. చివరికి ఫిర్యాదు చేసింది. తనిఖీకి మనిషి వస్తున్నాడని మాకు కబురొచ్చింది.

అప్పుడు నేను చేసిన పనికి ఇప్పటికీ నవ్వొస్తుంది, సిగ్గూ వేస్తుంది. గుంటూరువాణ్ణి కదా, వాసనను వాసనతోనే కొట్టాలన్న తెలివి పుట్టింది. గేటు పక్కనే పొయ్యి పెట్టించి, ఫ్యాక్టరీ అంతటికీ పులిహోర అన్నాను. డబ్బాడు ఇంగువ, దోసెడు ఎండుమిరపకాయలు నా చేత్తోనే నూనెలో వేశాను. తనిఖీకి వచ్చినాయన ఢిల్లీ ఆర్.కె. పురంలో ఉండే తెలుగాయనే. తుమ్మి, కళ్ళు తుడుచుకుని, మారు వడ్డించుకున్నాడు. బొగ్గు ఎప్పుడు మార్చారని అడిగితే, ముందురోజే మార్చినట్టు నేను రాసిపెట్టిన రిజిస్టరు చూపించాను. ఫిర్యాదులో నిజం లేదని రాసుకుని వెళ్ళిపోయాడు.

దీపావళి అయ్యాక బొగ్గు నిజంగానే మార్పించాను. కంపు పోయింది. గల్లీలో దీదీ మాటకు విలువా పోయింది. ఆవిడ ఏం చెప్పినా నవ్వేవాళ్ళు. సగం మంది బట్టలు వేరే బండికి ఇచ్చేశారు.

తర్వాత నేను నోయిడాకు మారాను. అయినా చొక్కాలు మెట్రోలో మోసుకుంటూ దీదీ దగ్గరికే వెళ్తాను. ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఉండగా ఈ తీర్థయాత్రలేమిటని మా ఆవిడ వేళాకోళం. ప్రాయశ్చిత్తమా అది? చొక్కాలతో తీరేదేనా? ఇంట్లో ఎవరైనా ఇంగువ మాటెత్తితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను.

పోయిన ఆదివారం చెప్పేశాను. దీదీ ఇస్త్రీ ఆపలేదు.

"నాకు తెలుసు భయ్యా," అంది. "ఆ ఒక్కరోజే మీ గోడ మీంచి తాలింపు వాసన వచ్చింది. అంతకుముందూ లేదు, తర్వాతా లేదు."

పెట్టె మూత తీసి బూడిద దులిపింది. "నా పెట్టెలో బొగ్గు నేను రోజూ మారుస్తాను. నువ్వు ఒక్కసారి మార్చలేకపోయావా?"

క్షమించమందామని నోరు తెరిచాను. ఆవిడ పక్కనున్న టీ బండి వైపు చెయ్యి చూపించి, అదేదో వాళ్ళకి చెప్పమంది. చెప్పాను. వచ్చీరాని హిందీలో, టీ తాగుతున్న ఏడుగురికీ, పులిహోరతో సహా. ఇద్దరు నవ్వారు. ఒకప్పుడు బట్టలు తిరగ్గొట్టిన పెద్దాయన మాత్రం నవ్వలేదు. దీదీ వైపు చూసి తల దించుకున్నాడు.

క్షమించానని ఆవిడ అనలేదు. మడతపెట్టిన చొక్కాలు నా చేతిలో పెట్టి, "వాసన చూసి తీసుకో," అంది.

అందరి ముందూ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. గంజి వాసన, అంతే. తిరిగి వస్తూ మెట్రోలో వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి, అవి చొక్కాల బరువే ఉన్నాయి.