వాల్యూమ్ నాయిన చేతిలో ఉండేది

మా వ్యానులో పాటలు వింటూ పోతుంటే ఎంత హాయిగా ఉండేదో అని మా చుట్టాలు ఇప్పటికీ అంటుంటారు. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు ఏడాదికోసారి ఎక్కి, పాట విని, దిగిపోయినవాళ్లు. ఆ చప్పుడు కింద మా అమ్మ మాటలు ఎన్ని నలిగిపోయాయో వాళ్లకేం తెలుసు?

మాకు గద్వాలలో ఎరువుల దుకాణం, మల్దకల్ వైపు కొంత పొలం ఉండేవి. పొలంలో విత్తనాల పత్తి వేసేవాళ్లం. ఆ పంటకు పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దాలి. తెల్లవారకముందే కూలీలను పిలుచుకుని సాళ్లలోకి దిగేది అమ్మ. ఎండ నెత్తికెక్కేదాకా ఒక్క పువ్వు కూడా తప్పిపోకుండా చూసేది అమ్మ. పంట బాగా వచ్చిన ఏడాది నాయిన వ్యాను కొన్నాడు. 'నేను కొన్న' అని బజారంతా చెప్పుకున్నాడు. నాకు అప్పుడే కడుపు మండింది.

కొన్నవాడు ఊరుకున్నాడా! ముందు క్యాసెట్ డెక్కు పెట్టించాడు. రెండేళ్లు తిరక్కుండానే దాన్ని పీకించి సీడీ ప్లేయర్ పెట్టించాడు. దానికి గొంతు చాలట్లేదని సీటు కింద ఆంప్లిఫయర్, వెనక తలుపు దగ్గర బియ్యం డబ్బా అంత వూఫర్. వూఫర్ వచ్చాక సామాను పెట్టే చోటు పోయింది. ఊరికి పోతే బట్టల సంచులు మా ఒళ్లోనే. నాయినమ్మను ఇంటిల్లిపాదీ అవ్వ అనేవాళ్లం. అవ్వ మోకాళ్ల పక్కనే ఒక స్పీకరు. పాట మొదలైతే ఆమె చీర కుచ్చిళ్లు అదిరేవి. "నా కాళ్లు గుంజుతున్నయ్‌రా" అంటే, "పాట గట్లనే ఉంటదవ్వా" అనేవాడు నాయిన.

ఇన్ని పెట్టెలు తెచ్చి పడేస్తే అవి ఊరికే ఉంటాయా? ఒకసారి ఇంజన్ వేగం పెంచినప్పుడల్లా స్పీకర్లలో కుయ్యిమని మోత మొదలైంది. నాయిన స్పీకర్లు మార్పించాడు. మోత పోలేదు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. ఇంట్లో పాడైపోయిన టేపురికార్డర్లు విప్పి చూడటం నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఒక ఆదివారం వ్యానులో వెల్లకిలా పడుకుని తీగలు ఒక్కొక్కటే పట్టుకుని వెతికాను. మిస్త్రీలు ఎర్త్ తీగను రంగు పూసిన బోల్టుకు బిగించి పోయారు. రంగు గీకి, తీగను ఇనుముకు ఆనేట్టు మళ్లీ బిగించాను. మోత ఆగిపోయింది. సాయంత్రం దుకాణం ముందర నాయిన నలుగురితో అంటుంటే నా చెవులారా విన్నాను. "మిస్త్రీలతోని కాలె. నేనే సూసి సరిజేసిన." నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా గోళ్లలో ఇంకా ఆ రంగు పొట్టు ఉంది.

అయినా నా కోపం దాని గురించి కాదు. అసలు కోపం ఆ వాల్యూమ్ గుండీ మీద. ఇంట్లో అమ్మ ఏదైనా చెప్పబోతే నాయిన చెప్పులేసుకుని దుకాణానికి పోతాడు. పొలంలో కూలీల ముందు అమ్మ చెప్పదు. ఆయన లేచిపోవడానికి వీల్లేని చోటు ఆ వ్యాను ఒక్కటే. అందుకే అమ్మ వ్యానులో మొదలుపెట్టేది. "ఇగో, ఒక మాట" అనేది. నాయిన చెయ్యి గుండీ మీదికి పోయేది. వెనక్కి తిరిగి చూడడు, కసురుకోడు, ఊరికే గుండీ తిప్పుతాడు. అమ్మ పెదవులు కాసేపు ఆడేవి, తర్వాత కిటికీ వైపు తిరిగేది. తిడితే తిరిగి తిట్టొచ్చు. పాట పెంచితే ఏమనాలి?

పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాశాను. మా మేనమామ కౌన్సెలింగుకు తోడొచ్చాడు. వనపర్తిలో ఎలక్ట్రానిక్స్ సీటొచ్చింది. నాయిన ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఆడపిల్లకు తీగెల పనేంది? ఈడనే ఇంటర్ సదువు. హాస్టల్ల ఉండుడు మన ఇంట్ల లేదు." అమ్మ దుకాణానికి పోయే దారిలో ఒకసారి, అయిజ సంతకు పోతూ ఒకసారి ఆ మాట ఎత్తింది. రెండుసార్లూ గుండీ తిరిగింది.

చేరడానికి గడువు దగ్గరపడుతుంటే నాయిన ఏం చేశాడో తెలుసా? సీడీ ప్లేయర్ పీకించి, తెర ఉన్న డీవీడీ ప్లేయర్ పెట్టించాడు. ఇక ప్రయాణంలో సినిమాలు చూడొచ్చట! నాగర్‌కర్నూల్‌లో మా మేనత్త కొత్తింటి గృహప్రవేశం. ఆ తెర వాళ్లకు చూపించాలి. బయలుదేరింది సరిగ్గా నా గడువు ఆఖరి రోజున. వనపర్తి కాలేజీ ముందు నుంచే పోయి, తలుపు మూశాక తిరిగొస్తామన్నమాట. నేను రాత్రంతా ఏడ్చి, పొద్దున ముఖం కడుక్కుని వ్యానెక్కాను.

మా వైపు కొత్త బండి కొంటే బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గర పూజ చేయించనిదే దూరం పోరు. నాయినకు కొత్త డీవీడీ కూడా కొత్త బండే. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, తెరకు కూడా సిందూరం బొట్టు పెట్టించాడు. అవ్వ ముందు తలుపు దగ్గర నిలబడి, దిష్టి తగలొద్దని గుప్పెడు అక్షింతలు ఆ ప్లేయర్ మీద చల్లింది. డిస్కు పెట్టే సన్నటి సందు నోరు తెరుచుకునే ఉంది.

"అవ్వా, అండ్ల పడుతున్నయ్, సల్లకు!" అన్నాను.

నాయిన గుడ్లురిమాడు. "దేవుని అక్షింతలు పడితే ఏమైతది? పెద్దగ తెల్సినట్టు మాట్లాడకు."

అవ్వ ఇంకో గుప్పెడు చల్లింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

బండి కదిలింది. నాయిన డిస్కు పెట్టాడు. అది కర్రుమంటూ సగం లోపలికి పోయి ఇరుక్కుంది. తెర మీద నీలం రంగు వచ్చి అలాగే నిలిచిపోయింది. మీటలు నొక్కితే పలకదు, రేడియోకు కూడా మారదు. నాయిన అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు.

"ఓ పిల్లా, ఏమైందో జర సూడు."

ఏమైందో నాకు తెలుసు. నాలుగు మరలు విప్పి, మూత తీసి, బియ్యపు గింజలు దులిపితే సరిపోతుంది. నా సంచిలో స్క్రూడ్రైవర్ కూడా ఉంది.

"నాకు తెల్వదు నాయినా" అన్నాను. అలా అన్నందుకు నాకు ఇప్పటికీ కొంచెం కూడా బాధ లేదు.

వ్యాను కృష్ణ వంతెన ఎక్కింది. లోపల ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. అమ్మ గొంతు సవరించుకుంది.

"ఇగో, ఇను. పిల్లకు ఇయ్యాల్నే ఆఖరు దినం. నీకు తెల్సు. తెల్సే ఇయ్యాల బయలెల్లదీసినవ్."

నాయిన చెయ్యి గుండీ మీదికి పోయింది. తిప్పాడు. చప్పుడు లేదు. ఇంకా తిప్పాడు.

"తిప్పు, తిప్పు. ఎంత తిప్పుతవో తిప్పు. ఒక్కొక్క పువ్వు నేను ముట్టుకున్న. ఎండకు నా కండ్లు మసకలు పట్టినయ్. ఈ బండి అండ్లకెల్లే ఒచ్చింది. నీ డబ్బాలన్నీ అండ్లకెల్లే ఒచ్చినయ్. నాకిది కావాలె అని ఎన్నడన్న అడిగిన్నా? ఇయ్యాల అడుగుతున్న."

"నడిరోడ్డు మీద ఏం లొల్లి ఇది?"

"నడిరోడ్డు మీద గాకుంటే యాడ ఇంటవ్ నువ్వు? ఈ బండ్ల మోతొస్తే ఎవరు ఆపిండ్రు? నువ్వా? నా బిడ్డ ఆపింది. నేనే జేసిన అని నువ్వు బజార్ల చెప్పుకున్నవ్."

ఆ సంగతి అమ్మకు తెలుసని నాకు అప్పటిదాకా తెలియదు.

పెబ్బేరు దాటింది, వనపర్తి దారి పట్టింది. అమ్మ ఆపలేదు. నా మార్కులు చెప్పింది, మేనమామ తోడుంటాడని చెప్పింది, తను చదవలేకపోయిన చదువు గురించి చెప్పింది. ఏళ్లుగా సగంలో ఆగిన మాటలన్నీ వరసపెట్టి చెప్పింది. నాయిన రోడ్డు చూస్తూ నడిపాడు.

కాలేజీ గేటు కనబడగానే "ఆపు" అంది అమ్మ. ఏమనుకున్నాడో, ఆపాడు. గృహప్రవేశానికి పెట్టాల్సిన చీర కింద నుంచి అమ్మ నా సర్టిఫికెట్లు బయటికి తీసింది. నాయిన స్టీరింగు పట్టుకుని కదల్లేదు.

అప్పుడు అవ్వ అంది, "పోనియ్‌రా. ఆ సదువు సదివితే నీ టీవీ ఇంట్లనే బాగ జేస్తది గద."

నాయిన అవ్వ వైపు చూశాడు, నీలం తెర వైపు చూశాడు. ముఖం విప్పారింది. "అదీ నిజమే. ఇంట్లనే మిస్త్రి ఉంటే మనకే మంచిది" అని నవ్వుతూ దిగాడు.

నా జీవితంలో నాకు అంత కోపం మళ్లీ రాలేదు. అమ్మ తన కళ్ల గురించి చెప్పింది, నా గురించి చెప్పింది, దారి పొడుగునా చెప్పింది. ఒక్క ముక్క ఆయన చెవికెక్కలేదు. టీవీ బాగవుతుందంటే ఎక్కింది. సీటు వద్దని అక్కడే అరిచేయాలనిపించింది. అమ్మ నా మణికట్టు నొప్పి పుట్టేట్టు పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. "ఎట్లనన్న ఒప్పుకోనీ, సంతకం పెట్టనీ" అంది మెల్లగా.

సంతకం పెట్టాడు. నేను చేరిపోయాను. తిరిగొచ్చి వ్యానెక్కాక నాయిన వెనక్కి తిరిగి హుషారుగా అన్నాడు, "ఇంగ సూడు పిల్లా. మీ మేనత్తోళ్లింటికి పోయేలోపు బాగ జెయ్యి."

నేను సంచిలో చెయ్యి పెట్టాను. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇప్పుడొద్దు" అంది. "నాగర్‌కర్నూల్ దాంక నేనింకా చెప్పేదుంది."

నాయిన బండి స్టార్టు చేశాడు. అమ్మ మొదలుపెట్టింది.