నర్సమ్మ మోసిన తప్పు

నర్సమ్మగారు పోయారని రాయగడ నుంచి కార్డు ముక్క వచ్చింది. పోయి అప్పటికి పదకొండు రోజులైందట. అక్కడి ఆసుపత్రిలో ఆవిడతో పనిచేసినావిడ ఎవరో, పెట్టె సర్దుతుంటే నా చిరునామా కనబడి రాసింది. చదవగానే నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆవిడకి చెప్పాల్సిన మాట ఒకటి ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని, ఈ ఎండలు తగ్గాక వెళ్దాం, ఆ వానలు వెలిశాక వెళ్దాం అనుకుంటూ కూర్చున్న నన్ను చెప్పుచ్చుకు కొట్టాలి. జయపురానికీ రాయగడకీ మధ్య సముద్రాలేమైనా ఉన్నాయా?

నా చిన్నతనంలో జయపురంలో మా ఆడపిల్లల బడికి ఆవిడే నర్సు, ఆవిడే సగం డాక్టరు, పేలు దువ్వే మనిషి కూడా ఆవిడే. చికాకోలు వైపు నుంచి వచ్చిన క్రైస్తవురాలు. చిన్నప్పుడే అమ్మవారు పోసి ముఖమంతా గుంటలు. అదే జబ్బులో తల్లీ, ఇద్దరు తమ్ముళ్ళూ పోతే తానొక్కతే మిగిలిందని బడి వంటావిడ చెప్పేది. కొత్త పిల్లలు ఆ ముఖం చూసి జడుసుకుంటే ఆవిడ నవ్వేసేది. "నన్ను సూసి ఎందుకర్రా బయం? టీకా లేకపోతే మీ మొకాలూ ఇలాగే అవుతాయి. అందుకు బయపడండి!" అనేది.

సోమవారం వచ్చిందంటే వరండాలో వరస కట్టాలి. కంటి రెప్పలు తిప్పి చూసేది, గోళ్ళు చూసేది, బల్ల మీద పడుకోబెట్టి ఎడమ డొక్క కింద వేళ్ళు పెట్టి నొక్కేది. మన్యపు జ్వరం పట్టిన పిల్లలకి అక్కడ గట్టిగా తగులుతుందట. తగిలిందా, క్వినైనా మాత్ర సిద్ధం. బుగ్గన దాచి బయట ఉమ్మేసే గడుగ్గాయిలు ఉంటారని ఆవిడకి తెలుసు. అందుకని మాత్ర వేయగానే పదమూడో ఎక్కం చెప్పమనేది. "మింగేవో లేదో నీ ఎక్కమే సెప్తాది" అనేది. నేనోసారి దవడకి దాచి పదమూడు మూళ్ళు దాకా వచ్చేసరికి చేదు నాలికంతా పాకి ముఖం వికారంగా పెట్టాను. ఆవిడ కోప్పడలేదు, మరో మాత్ర ఇచ్చి మళ్ళీ మొదటినుంచి చెప్పించింది. ఆ వారమంతా ఆవిడని తిట్టుకుంటూనే ఉన్నాను.

ఎక్కంతో మాత్ర సంగతి పట్టుకున్న మనిషి, మా మామ్మ చేతిలో మాత్రం ఓడిపోయింది. అది చెప్పడానికే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

మా ఇంటికి టీకాలు వేసే ఆయన వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, మా చెల్లికి నాలుగు. అమ్మ అప్పటికే లేదు. నాన్న ఎస్టేటు కచేరీలో గుమస్తా, దగ్గరుండి టీకాలు వేయించి కచేరీకి వెళ్ళిపోయారు. ఆయన గడప దాటారో లేదో, మామ్మ మా ఇద్దరినీ పెరట్లోకి ఈడ్చింది. "ఒలమ్మా! అమ్మవారి మొకాన తలుపేత్తారేటే? ఇల్లు నిలుత్తాదా?" అంటూ తడిగుడ్డతో టీకా రసం తుడిచేసి పసుపు రుద్దింది. మచ్చ పడకపోతే నాన్న మళ్ళీ వేయిస్తారు కదా! అందుకని చాకలివాళ్ళు బట్టలకి గుర్తులు పెట్టే నల్లజీడి గింజ కాల్చి, ఆ రసంతో మా జబ్బల మీద మూడేసి చుక్కలు పెట్టింది. పొక్కాయి, మానాయి, మచ్చలు పడ్డాయి. నాన్న చూసి సంతోషించారు.

"నామీద ఒట్టు. మీ నాన్నకి గాని, ఆ నర్సమ్మకి గాని సెప్పేవో, నేను సచ్చినంత ఒట్టు" అంది మామ్మ. తల్లి లేని పిల్లకి మామ్మ మీద ఒట్టంటే మాటలా? నోరు కుట్టేసుకున్నాను. బళ్ళో నర్సమ్మ నా జబ్బ చూసి, రిజిస్టరులో 'బాగా పట్టింది' అని రాసుకుంది.

రెండేళ్ళ తరువాత ఒక మధ్యాహ్నం మా తరగతిలో నా పక్కన కూర్చునే, కుందుర ఊరి నుంచి వచ్చిన పిల్ల జ్వరంతో వాలిపోయింది. అప్పటికే పట్నంలో అమ్మవారు తిరుగుతోంది. నర్సమ్మ ఆ పిల్ల నుదురూ నోరూ చూసి, వెళ్ళి గేటుకి తాళం వేసేసింది. పొద్దున్న చద్దన్నం తిని బడికి వచ్చినదాన్ని, మూడు వారాల దాకా ఇంటి ముఖం చూడలేదు. మా తరగతి మొత్తాన్ని లోపలే ఉంచేశారు. గోడలు ఎత్తు. కిటికీలోంచి కనబడేది రోడ్డు ముక్కా, దానిమీద మనకేమీ పట్టనట్టు పోయే బళ్ళూ. ఎన్నిసార్లు ఆ గేటు ఊపానో! ఊపిన కొద్దీ తాళం గలగలమనేది, అంతే.

మరునాడు నర్సమ్మ పనులు పంచింది. "మచ్చ బాగా పట్టినోళ్ళకి బయం లేదు. అమ్మీ, నువ్వు గంజి పట్టుకెళ్ళి పాక గుమ్మంలో పెట్టు" అంది నాతో. బడి వెనక ఆ పాకలోనే జబ్బు పిల్లని విడిగా ఉంచారు. గంజి గిన్నె పట్టుకుని బయల్దేరాను. చెబితే మామ్మ చచ్చిపోతుంది, చెప్పకపోతే నేను చస్తాను. పదకొండేళ్ళ బుర్రకి మూడో దారి తోచలేదు. పెట్టేసి పరుగెత్తుకొచ్చాను.

సాయంత్రం నాన్న వచ్చి రోడ్డుకి అవతల నిలబడ్డారు. అంతకంటే దగ్గరకి రానిచ్చేవారు కాదు.

"ఎలాగున్నావు అమ్మీ?" అని అరిచారు. "మన వీధిలో రెండిళ్ళకి వేపమండలు కట్టేరు. మన పక్కింటి కుర్రోడికీ వచ్చింది. చెల్లికి టీకా ఉంది గదా, దానికేటీ బయం లేదు. నువ్వు ధైర్యంగా ఉండు!"

నా సంగతి మరిచిపోయాను. నాలాంటి దొంగ మచ్చే పెట్టుకుని చెల్లి ఆ పక్కింటి అరుగు మీద ఆడుకుంటోంది. నేనేమో ఇక్కడ తాళం వెనక. నర్సమ్మ దగ్గరికి పరుగెత్తి, "గేటు తియ్యండి, ఇంటికెళ్ళాలి, చెల్లీ..." అని కొంగు పట్టుకుని లాగాను. "తియ్యను. నువ్వెళితే జబ్బునీ తీసుకెళ్తావు. ఏటయింది, సెప్పు" అంది. "ఒట్టు పెట్టేరు" అన్నాను. రవిక చెయ్యి పైకి లాగి జబ్బ చూపించాను.

ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. మచ్చల మీద వేలుతో రాసింది.

"జీడి" అంది. "నీ సెల్లికీ ఇదేనా?"

తలూపాను.

"నువ్వు సెప్పలేదు, నేనే సూసేను. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు."

గబగబా గేటు దగ్గరికి వెళ్ళి, వెళ్ళిపోతున్న నాన్నని కేకేసింది. "బాబూ, ఆగండి! తప్పు నాది. మీ పెద్దమ్మాయి మచ్చ సరిగ్గా సూడకుండా రాసేసేను. ఆ టీకా పట్టలేదు. సిన్నదానికీ అప్పుడే గదా ఏసేరు, దానిదీ నమ్మొద్దు. ఇప్పుడే ఆస్పత్రికి ఎత్తుకెళ్ళి మళ్ళీ ఏయించండి, మీరే సెయ్యి పట్టుకు కూసోండి!"

మామ్మ మాట ఎత్తలేదు. నల్లజీడి మాట ఎత్తలేదు. నాన్న పరుగెత్తారు.

ఆ పూటే నాకు టీకా వేసింది. ఆ తరువాత అందరి జబ్బలూ మళ్ళీ చూసి, తను రాసిన వరసలు తనే కొట్టేసుకుంటూ కూర్చుంది. మామ్మలు అన్ని ఇళ్ళల్లోనూ ఉన్నారు మరి! నాకు జ్వరం కాసి నాలుగు పొక్కులతో పోయింది. కుందుర పిల్ల బతికింది గాని, ఒక కన్ను పోయింది. మా పక్కింటి కుర్రాడు దక్కలేదు.

గేటు తీశాక పెద్ద డాక్టరుగారు వచ్చి, ఆ కొట్టివేతలు చూసి మండిపడ్డారు. మమ్మల్ని నిలబెట్టి "ఈ దొంగ మచ్చలు ఎవరు పెట్టారు?" అని అడిగారు. నర్సమ్మ, "పిల్లల్నెందుకు బాబూ? బాగుందని రాసిన సెయ్యి నాది" అంది. నేను ముందు వరసలో ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. మామ్మకి భయపడ్డానా, నాన్నకి భయపడ్డానా? ఆ వేళ అడిగినా చెప్పలేకపోయేదాన్ని. ఆవిడని బడి పనిలోంచి తీసేసి రాయగడ ఆసుపత్రిలో గాయాలు కడిగే పనికి పంపేశారు. 'జబ్బలు చూడటం రాని నర్సమ్మ' అన్న పేరు ఆవిడ కంటే ముందే అక్కడికి చేరిందని తరువాత విన్నాను.

మామ్మ కాలం చేసింది, నాన్నా పోయారు. చెప్పకూడదన్న ఒట్టుకి కాలం చెల్లి ఎన్నాళ్ళో అయింది. అయినా చెప్పలేదు. ఆలస్యం అయ్యేకొద్దీ మాట బరువెక్కిపోతుంది, ఏం చేయను! అమ్మా, తప్పు నీది కాదు, మాది. ఆవిడ వినాల్సిన మాట ఇప్పుడు మీకు చెబుతున్నాను.

కార్డు వచ్చిన రోజున మా చెల్లి నా దగ్గరే ఉంది, పిల్లల్ని తీసుకుని వచ్చింది. నేను ఏడుస్తుంటే కంగారుపడి, "ఎవరప్పా ఆవిడ?" అని అడిగింది. దానికి ఆవిడెవరో తెలియదు. ఆ రాత్రే రాయడం మొదలుపెట్టి, ఇవాళ ఇంతవరకు రాసిన కాగితాలు దాని చేతిలో పెట్టాను. అది గుమ్మంలో కూర్చుని చదువుతోంది. చదువుతూ చదువుతూ ఎడమ జబ్బ పట్టుకుంది. ఎండ నేరుగా దాని ముఖం మీద పడుతోంది. నుదుటి నుంచి గడ్డం దాకా ఒక్క గుంట లేదు.